ఎంత చిన్నదైతే 'చిన్న'?

సూక్ష్మజీవి కంటికి కనిపించదు. సూక్ష్మ పరిశ్రమ మాత్రం బాగానే కనిపిస్తుంది. షెడ్డు, యంత్రాలు, గేటు దగ్గర వాచ్‌మన్ కూడా ఉండొచ్చు. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం యంత్రాలు, పరికరాల మీద రెండున్నర కోట్ల రూపాయల దాకా పెట్టుబడి, ఏడాదికి పది కోట్ల దాకా టర్నోవర్ ఉన్నా అది సూక్ష్మ సంస్థే. 2006లో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం వచ్చినప్పుడు సరుకు తయారుచేసే సూక్ష్మ సంస్థకు పెట్టుబడి హద్దు 25 లక్షలు. 2020లో కోటి అయింది, ఇప్పుడు రెండున్నర కోట్లు. ఇరవై ఏళ్లు నిండకముందే సూక్ష్మం పదింతలైంది. ధరలు పెరిగాక హద్దులు పెంచక తప్పదు, అందులో తప్పుపట్టేదేమీ లేదు. కాకపోతే అంకె ఎన్నిసార్లు మారినా మాట మాత్రం అక్కడే ఉంది.

చిన్న సైజును చెప్పే మాటలన్నిటికీ ఈ గుణం ఉంది. పైకి కొలతల్లా కనిపిస్తాయి గానీ కొలవవు. పక్కన ఏముందో, అంటున్నది ఎవరో, ఎవరిని అంటున్నారో చూసుకుని అర్థం మార్చుకుంటాయి. చట్టానికీ సైన్సుకీ ఆ జారుడుతనం పనికిరాదు కాబట్టి అవి మాటకు అంకె కట్టేస్తాయి. ఆ ముడి ఎంతకాలం ఆగుతుందన్నది వేరే సంగతి.

వ్యవసాయ లెక్కల్లో హెక్టారు లోపు, అంటే సుమారు రెండున్నర ఎకరాల లోపు భూమి ఉంటే సన్నకారు రైతు. ఒకటి నుంచి రెండు హెక్టార్ల మధ్య ఉంటే చిన్నకారు రైతు. ఇంగ్లిష్‌లో 'మార్జినల్' అన్నదాన్ని తెలుగు చేసినవారు అంచు, ఒడ్డు అని వెళ్లకుండా 'సన్న' అన్న ఇంటిమాటను తీసుకోవడం నాకు భలే నచ్చుతుంది. కానీ ఈ సన్నదనం, చిన్నదనం విస్తీర్ణానివే. కాలువ కింద మూడెకరాల మాగాణి ఉన్నవాడూ, వానకోసం ఆకాశం చూసే మూడెకరాల మెట్ట ఉన్నవాడూ ఒకే 'చిన్న'లో పడతారు.

సూక్ష్మరుణాల సంగతి ఇంకా తిరకాసు. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థల వసూళ్లను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. అప్పటి నుంచి 'మైక్రో' అనే మాట మన పల్లెల్లో చిన్న అన్న అర్థం కన్నా అప్పులవాళ్ల బెదిరింపుల్నే ఎక్కువ గుర్తుచేసింది. 2022లో రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన నిబంధనల ప్రకారం, ఏడాది ఆదాయం మూడు లక్షలకు మించని కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పు సూక్ష్మరుణం. జాగ్రత్తగా చదివితే, ఇక్కడ సూక్ష్మం అప్పు కాదు. అప్పు తీసుకునేవాళ్ల ఆదాయం!

ఎవరి పక్కన నిలబెడితే

చిన్న ఏనుగు పెద్ద చీమ కన్నా చిన్నది కాదు. ఇది అందరికీ తెలిసిందే. అంతగా పట్టించుకోనిది ఏమిటంటే, చాలాచోట్ల 'చిన్న' సైజును అసలు చెప్పదు, వరుసను చెబుతుంది. చిన్నాన్న ఆరడుగులు ఉండొచ్చు, నాన్న ఐదున్నర ఉండొచ్చు. పిన్ని అన్న మాటలో ఉన్నదీ వయసు తక్కువని చెప్పే 'పిన్న'యే. ఊళ్ల పేర్లలో ఈ పెద-చిన జంటలు ఎన్నో. చినగంజాం ఇప్పుడు మండల కేంద్రం, పెదగంజాం ఆ మండలంలోని ఒక ఊరు. పేరు పెట్టిన రోజున ఏది పెద్దదో, ఎందుకు పెద్దదో గానీ, ఆ తర్వాత ఊళ్లు పెరిగినా తరిగినా పేర్లు ఒప్పుకోలేదు.

కొత్త వస్తువుల పేర్లకూ ఇదే తంతు. సినిమా హాలు వెండితెర అయితే ఇంట్లో టీవీ బుల్లితెర అయింది. ఇప్పుడు గోడంతా ఆక్రమించే టీవీలు వచ్చాయి, దానికన్నా ఎంతో చిన్న తెర అందరి జేబులోనూ ఉంది. అయినా పేపర్లో 'బుల్లితెర నటి' అని రాస్తే ఫోన్లో వీడియోలు చేసే అమ్మాయి అని ఎవరూ అనుకోరు. సైజు పోయింది, రంగం పేరుగా మిగిలింది.

1965లో వచ్చిన పీడీపీ-8 అనే కంప్యూటర్‌ను 'మినీ కంప్యూటర్' తరగతిలో కలిపి చెబుతారు. అది ఇంట్లో వాడే చిన్న ఫ్రిజ్ అంత సరంజామా. గది గదంతా నిండే మెయిన్‌ఫ్రేముల పక్కన అది మినీయే మరి. తర్వాత టేబుల్ మీద పట్టేవి వచ్చేసరికి మినీ అప్పటికే ఖర్చయిపోయింది, 'మైక్రో' అనాల్సి వచ్చింది. 1959లో పుట్టిన మినీ కారు పొడవు సుమారు 3.05 మీటర్లు. అదే పేరుతో ఇప్పుడు అమ్మే మూడు డోర్ల మోడల్ 3.85 మీటర్లు దాటింది. ఈమధ్య కృత్రిమ మేధలో 'స్మాల్ లాంగ్వేజ్ మోడల్' అంటున్నారు. ఆ స్మాల్‌లో వందల కోట్ల పారామితులు, అంటే మోడల్ నేర్చుకుని దాచుకున్న అంకెలు ఉంటాయి. వీటిలో ఏదీ అబద్ధం కాదు, పక్కన నిలబడ్డది అంతకన్నా పెద్దది కావడమే కారణం.

చిరు కుటుంబం

చిన్న, చిరు ఒక ఇంటివే. పాత తెలుగులో 'చిఱు' అని బండి ర రాసేవారు. తమిళంలో సిరు, సిన్న ఉన్నాయి. కన్నడంలో అదే మాట 'కిరు'గా ఉంది. మన చెవి వాళ్లకు కివి అయినట్టే, మన చిరునవ్వు వాళ్ల కిరునగె.

ఒక ఇంటివే అయినా ఒకదాని పని ఇంకొకటి చేయదు. 'ఈ గది చిన్నది' అంటాం, 'ఈ గది చిరు' అనలేం. చిరు ఒంటరిగా నిలబడదు, ఏదో ఒక మాటకు ముందు అతుక్కోవాలి. ఆ అతుక్కోవడంలోనూ దానికి కొన్ని ఇష్టాలున్నాయి. చిరుగాలి, చిరుజల్లు, చిరుచేదు, చిరుకోపం అని మెత్తని వాటినే ఎంచుకుంటుంది. చిరునవ్వు అంటే నవ్వు తగ్గిందని కాదు, అదొక రకం నవ్వు. 'చిన్న నవ్వు నవ్వి ఊరుకున్నాడు' అంటే అందులో ఎగతాళి కూడా ఉండొచ్చు, చిరునవ్వులో ఆ అనుమానం రాదు. పేపర్లవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. జాలి కలగాలంటే చిరువ్యాపారి, చిరుద్యోగి అని రాస్తారు. చిరుతపులి కూడా ఈ కుటుంబమే, తమిళంలో దాన్ని సిరుత్తై అంటారు. పెద్దపులి ముందు అది చిన్నది. ఇప్పుడు పులి కూడా రాలిపోయి ఒట్టి 'చిరుత' మిగిలింది. ఆ మాట వినగానే వేగం గుర్తొస్తుంది గానీ చిన్నదనం ఎవరికీ తట్టదు.

ఈ కుటుంబంలోకి దొడ్డిదారిన దూరినవాళ్లూ ఉన్నారు. చిరునామాకు చిరుతో చుట్టరికం లేదు. అది పారశీకం నుంచి వచ్చిన 'సర్‌నామా', ఉత్తరానికి తల దగ్గర రాసేది. మన నోట్లో పడి చిరు అయింది. చిరంజీవి, చిరకాలం అన్నవాటిలోని సంస్కృత 'చిర'కు దీర్ఘమైన అని అర్థం. ఒక్క కొమ్ము తేడాతో అర్థం తలకిందులు. చిరంజీవిని అభిమానులు ముద్దుగా 'మెగాస్టార్ చిరు' అని పిలుచుకోవడంలో తెలుగు అర్థం తీసుకుంటే మహా పెద్ద, బుల్లి చిన్న పక్కపక్కనే కూర్చున్నాయి.

ఇలాంటి చొరబాటు మనకొక్కరికే జరగలేదు. మినియేచర్ అనే మాటకు మూలం లాటిన్‌లో 'మినియం', అంటే సీసంతో చేసే ఎర్ర రంగు. చేతిరాత పుస్తకాల్లో ఆ రంగుతో అక్షరాలకు, బొమ్మలకు మెరుగులు దిద్దేవారు. ఆ బొమ్మలు పేజీలో పట్టేంత చిన్నవి కావడం, మైనర్, మినిమమ్ లాంటి మాటలు పక్కనే వినిపించడం వల్ల రంగు అర్థం మాసిపోయి సైజు అర్థం స్థిరపడింది. మనం రోజూ వాడే 'మినీ' అక్కణ్నుంచి విరిగిన ముక్క. మినీ బస్సు, మినీ వేలం అంటున్నప్పుడు నిజానికి మనం అంటున్నది ఎరుపు.

చిరు ఒక మాటను పైకి లేపిన సందర్భం కూడా ఉంది. కొర్రలు, సామలు, అరికలను తృణధాన్యాలు అనేవారు, ఇప్పటికీ కొందరు అంటారు. తృణమంటే గడ్డిపోచ. తృణప్రాయం అంటే లెక్కలోకి రానిది. కేంద్ర ప్రభుత్వం 2018లో వీటిని 'ముతక ధాన్యాలు' అనడం మాని పోషక ధాన్యాలని పేరు మార్చింది. ఐక్యరాజ్యసమితి 2023ను వీటి సంవత్సరంగా జరిపింది. తెలుగులో పేపర్లు, ప్యాకెట్లు చిరుధాన్యాల వైపు మొగ్గాయి. అక్కడా ఆగలేదు, ఇప్పుడు చాలామందికి అవి 'సిరిధాన్యాలు'. గింజ ఏమాత్రం పెరగలేదు. గడ్డి నుంచి చిన్నకు, చిన్న నుంచి సంపదకు పేరు మాత్రం ఎక్కుతూ పోయింది.

ముద్దు, చులకన

పిల్లలకు చిన్నదనం ముద్దు. బుజ్జి, చిట్టి, బుల్లి, చిన్నారి, బుడ్డోడు. కంట్లో పడితే బాధపెట్టే నలుసు కూడా 'కడుపున ఒక నలుసు పడితే చాలు' అన్నప్పుడు అపురూపమైపోతుంది. అదే చిన్నదనం పెద్దవాళ్ల మీదికి వస్తే అవమానం. చిన్నచూపు, చిన్నబుచ్చడం, 'నలుగురిలో చిన్నతనమైపోయింది' అనడం. చిన్నతనం అంటే బాల్యం, చిన్నతనం అంటే పరువు తక్కువ, రెండూ ఒకటే మాట. ఏది అనుకోవాలో పక్కనున్న క్రియ చెబుతుంది: చిన్నతనం గడుస్తుంది, చిన్నతనం అనిపిస్తుంది. ఈ రెండింటికీ చెందని వాడుక ఒకటుంది. పండగకొచ్చిన పిల్లలు తిరిగి వెళ్లాక 'ఇల్లు చిన్నబోయింది' అంటాం. మనుషులు తగ్గి జాగా పెరిగినప్పుడే ఇల్లు చిన్నబోవడం, సైజుతో ఈ మాటలకు సంబంధం ఎంత వదులో చెబుతుంది.

చిల్లరను చూడండి. జేబులో గలగలలాడే నాణేలు చిల్లర. 'చిల్లర వేషాలు' తిట్టు. చిల్లర వర్తకం గౌరవంగా బతికే వృత్తి. 'చిల్లర ద్రవ్యోల్బణం' అయితే వడ్డీ రేట్లు ఎటు పోవాలో తేల్చే గట్టి సూచిక. టీవీలో యాంకర్ ముఖం గంభీరంగా పెట్టుకుని ఆ మాట చదువుతుంటే, తిట్టును తెలిసినవాడికి కాస్త నవ్వు రావడం సహజం.

ఈ వరుసలో అందరికన్నా దూరం జారింది 'క్షుద్ర'. సంస్కృతంలో దాని మొదటి అర్థం చిన్నది, అంతే. చిన్నది నుంచి అల్పమైనది, అల్పమైనది నుంచి నీచమైనది అయింది. తెలుగులో క్షుద్రపూజలు అనగానే నిమ్మకాయలు, ముగ్గు, అర్ధరాత్రి గుర్తొస్తాయి. హిందీలో మాత్రం క్షుద్రగ్రహం అంటే మనం గ్రహశకలం అనే ఖగోళ వస్తువు. ఆ హిందీ వార్తను ఎవరైనా యథాతథంగా తెలుగులో పెడితే భయం రెట్టింపవుతుంది.

కొంచెం జరగండి

'పిట్ట కొంచెం కూత ఘనం' అన్నప్పుడు కొంచెం అంటే ఆకారంలో చిన్నది. వేమన పద్యంలో అద్దంలో కొండ 'కొంచెమై' కనిపిస్తుంది. అదీ సైజే. ఇవాళ ఒక ఇంటిని చూపించి 'ఈ ఇల్లు కొంచెం' అంటే ఎవరికీ అర్థం కాదు, తర్వాతి మాట కోసం ఎదురుచూస్తారు. కొంచెం సైజును వదిలేసి మోతాదుకు వచ్చింది, అక్కణ్నుంచి మర్యాదకు వచ్చింది. బస్సులో 'కొంచెం జరగండి' అనేవాడు అంగుళమే జరగమనడం లేదు, అతనికి సీటు కావాలి. 'నువ్వు కొంచెం ఎక్కువ చేస్తున్నావు' అనేవాళ్ల ఉద్దేశం చాలా ఎక్కువ చేస్తున్నావనే. ఆఫీసులో పై అధికారి 'ఒక చిన్న పని ఉంది' అంటూ వస్తే టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే చిన్న పనికి ఎవరూ చిన్న అని ముందుగా చెప్పరు. అడగబోయేది బరువని తెలిసే ముందు ఆ మాట వేస్తారు.

తెలంగాణలో ఈ పనికి 'జర' ఉంది. జర ఆగన్నా, జర సూడు. ఇది ఉర్దూ 'జరా', దాని వెనక అరబ్బీలో కణం అని చెప్పే 'జర్రా' ఉంది. ఆధునిక అరబ్బీలో పరమాణువుకు వాడేదీ ఆ మాటే. బాంబుకూ, 'జర పక్కకు జరుగు' అన్న మర్యాదకూ ముడిసరుకు ఒకటే అన్నమాట.

అడగడానికే కాదు, కాదనడానికీ చిన్న మాటలే కావాలి. పూర్తిగా లేదని చెప్పాలంటే అతి తక్కువది కూడా లేదని చెప్పాలి. అందుకే ఇసుమంత, లవలేశం, వీసమెత్తు వంటివి 'లేదు'ను వెతుక్కుంటూ వెళతాయి. 'నాకు ఇసుమంత అనుమానం లేదు' చెవికి సాఫీగా ఉంటుంది, 'ఇసుమంత అనుమానం ఉంది' అంటే ఏదో తేడా కొడుతుంది. ఇసుము అంటే ఇసుక అని అనేవాడికీ వినేవాడికీ గుర్తుండదు. చిల్లిగవ్వ అయితే పూర్తిగా అటే వెళ్లిపోయింది. చిల్లిగవ్వ లేదు అంటాం గానీ, చిల్లిగవ్వ ఉంది అన్నవాణ్ని నేను ఇంతవరకు వినలేదు. ఫ్రెంచ్‌లో ఈ ప్రయాణం చివరిదాకా జరిగింది. 'ఒక్క అడుగు కూడా వేయను' అనేచోట వాడిన 'పా', అంటే అడుగు, వాడగా వాడగా కాదు, లేదు అన్న అర్థానికే గుర్తయింది. మాట్లాడేటప్పుడు అసలు వ్యతిరేక పదాన్ని వదిలేసి అడుగుతోనే సరిపెట్టేస్తున్నారు.

డబ్బుకు సంబంధించిన చిన్న మాటలకు ఆయుష్షు ఎక్కువ. 1957లో దశాంశ పద్ధతి వచ్చి అణాల లెక్క పోయింది. 2011 జూన్ 30 నుంచి 25 పైసలు, అంతకన్నా చిన్న నాణేలు చెల్లడం లేదు. కానీ చారాణా కోడికి బారాణా మసాలా ఇప్పటికీ చెల్లుతోంది.

మాటలు అయిపోయిన చోట

తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఆటమ్‌ను పరమాణువు అంటారు, మాలిక్యూల్‌ను అణువు అంటారు. ఆ లెక్కన మనం అణుబాంబు అంటున్నది మాలిక్యూల్ బాంబును. అణుశక్తి, అణు ఒప్పందం, అణు విద్యుత్ అన్నీ ఇంతే. పేపర్లకు చిన్న మాట కావాలి, 'పరమ' తీసేస్తే శీర్షికలో జాగా కలిసొస్తుంది. అలవాటైపోయింది కాబట్టి ఇప్పుడు సరిదిద్దబోతే గందరగోళమే మిగులుతుంది. వైశేషికులు, అంటే పరమాణువుల గురించి తర్కించిన ప్రాచీన భారతీయ తత్త్వవేత్తలు, ఈ విషయంలో మనకన్నా పట్టింపుగా ఉన్నారు. విడదీయడానికి వీల్లేనిది పరమాణువు, రెండు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం అన్నారు. కిటికీలోంచి పడే ఎండలో తేలాడే రేణువు వాళ్ల లెక్కలో ఆ త్ర్యణుకం, కంటికి ఆనే వాటిలో అతి చిన్నది. అంటే ఆరు పరమాణువులు. ఆ రేణువులో ఉండేవి ఆరు కాదు, కోట్లానుకోట్లు అని ఇప్పుడు తెలుసు. అయినా కనిపించే హద్దు దగ్గర ఒక పేరు, దాని కింద మెట్టు మెట్టుకూ ఒక పేరు పెట్టాలన్న ఆలోచన మాత్రం నేటి కొలతల పట్టికలో ఉన్నదే.

ఆ పట్టికలో మైక్రో అంటే గ్రీకులో చిన్న. నానో అంటే మరుగుజ్జు. అక్కడిదాకా మాటకు అర్థం ఉంది. 1964లో ఇంకా కిందికి దిగాల్సి వచ్చినప్పుడు ఫెమ్టో, అట్టో చేర్చారు. అవి డేనిష్ భాషలో పదిహేను, పద్దెనిమిది. దశాంశ బిందువు తర్వాత ఎన్నో స్థానమో చెప్పే ఒట్టి అంకెలు, చిన్న అన్న భావమే వాటిలో లేదు. 2022లో చేర్చిన క్వెక్టో అంటే బిందువు తర్వాత 29 సున్నాలు పెట్టి ఒకటి వేయడం. అంత లోతుకు వెళ్లాక ఏ భాషలోనూ దానికి తగ్గ ముద్దుపేరు ఉండదు.

ఇలా అంకెకు కట్టేసిన మాటలూ తప్పించుకుంటాయి. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 చిప్‌ను పది మైక్రాన్ల (మైక్రోమీటర్ల) పద్ధతిలో చేశారు, అప్పుడు అది నిజంగా కొలిచి చెప్పిన సంఖ్య. ఇప్పుడు ఫోన్ ప్రకటనల్లో కనిపించే 'మూడు నానోమీటర్ల చిప్' అలా కాదు. అందులో మూడు నానోమీటర్లు ఉన్న భాగాన్ని వెతికితే దొరకదు. అది ఒక తరం పేరు, ముందుదానికన్నా చిన్నదని చెప్పే గుర్తు. ప్రపంచంలో అందరికన్నా కచ్చితంగా కొలిచే పరిశ్రమలో కూడా అంకె తిరిగి 'చిన్న' అన్న విశేషణమైపోయింది.

మరుగుజ్జు దగ్గర మాత్రం ఈ జారుడు సరదాగా ఉండదు. 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్లూటోను మరుగుజ్జు గ్రహమని తేల్చింది. ప్లూటోకు నొప్పి లేదు. మనిషిని ఆ మాట అంటే ఉంటుంది, ఎందుకంటే సర్కస్, సినిమా కామెడీ ఆ మాట వెనకాలే వస్తాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం పెద్దయ్యాక ఎత్తు 147 సెంటీమీటర్లు, అంటే నాలుగడుగుల పది అంగుళాలు, లేదా అంతకన్నా తక్కువ ఉండే వైద్య లేదా జన్యు స్థితిని గుర్తించి అంకె కట్టింది. సర్టిఫికెట్ రావాలంటే, రిజర్వేషన్ అందాలంటే ఆ అంకె అవసరం. తెలుగులో దాని పేరు మరుగుజ్జుతనం అనే రాస్తున్నారు. హక్కు అడగడానికి వెళ్లిన మనిషి తనను ఏడిపించిన మాటనే దరఖాస్తులో నింపాలి. చిరుధాన్యాలకు పేరు వెతికినంత శ్రద్ధగా దీనికీ ఇంకో పేరు వెతకొచ్చు, ఎవరూ ఆ పని ఇంకా గట్టిగా మొదలుపెట్టినట్టు లేదు.